కళాపట్టము నుండి వైద్యపట్టమునకు

చరిత్రయో, సాహిత్యమో, అర్థశాస్త్రమో చదివి బి.ఏ. పట్టము పుచ్చుకొన్న యువకుడొకడు ఇరువది రెండవ యేట తాను వైద్యుడను కావలెనని ఇంట చెప్పినచో పెద్దలేమందురు? ఆ ముచ్చట పదవ తరగతి దాటిననాడే యుండవలసినదని అందురు. వారి మాటలో తప్పు లేదు. నేటి నియమములను బట్టి వైద్య కళాశాలకు దారి పదునైదు, పదునారు సంవత్సరముల ప్రాయముననే చీలిపోవుచున్నది. బైపీసీ తీసికొన్నవాడు ఒక దారిని, సీఈసీయో హెచ్ఈసీయో తీసికొన్నవాడు మఱియొక దారిని పోవుదురు. చీలిన దారులు మరల కలియుట అరుదు.

కాని యీ చీలిక అనాదిగా వచ్చినది కాదు. మన ముత్తాతల కాలమున వైద్య కళాశాల గుమ్మము ముందఱ నిలిచిన విద్యార్థి చేతిలోని యోగ్యతాపత్రమునకు పేరే కళాపరీక్ష. కొందఱు బి.ఏ. పూర్తి చేసికొని మఱి వైద్యమునకు వచ్చిరి. వారిలో తెలుగుదేశమున పేరెన్నికగన్న వారున్నారు. ఆ దారి ఎట్లుండెను, దానిని నడచిన వారెవరు, అది ఎట్లు ఇరుకైనది అను విషయములను శ్రోతల ముందుంచుటయే యీ ప్రసంగమునకు ఉద్దేశము.

ఈ విషయమును పట్టణమున గూర్చుండి ఆలోచించుట ఒక విధము, పల్లెనుండి చూచుట మఱియొక విధము. టేకుమట్లనుండి చూతము. ఓరుగల్లు సీమలోని యీ గ్రామము చిరకాలము చిట్యాల మండలములో నుండి, 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో తానే యొక మండల కేంద్రమైనది. ఇట్టి పల్లెలో పదవ తరగతి ముగించిన బాలుడు ఏ పాఠ్యవర్గమును ఎన్నుకొనునది కేవలము అభిరుచిని బట్టి నిర్ణయమగునదని నేననుకొనను. దాపున నున్న కళాశాలలో ఏది చెప్పుదురు, బస్సు ఎంతవఱకు పోవును, వసతిగృహమున చోటు దొరకునా, ఇంటికి పెద్ద కొడుకు పొలము విడిచి ఎంత దూరము పోగలడు అను ప్రశ్నలు అభిరుచికంటె ముందు వచ్చును. కావున పదునాఱవ యేట మూతపడిన తలుపు పట్టణ బాలునకంటె పల్లె బాలునకు మఱింత గట్టిగా మూతపడినదని చెప్పవలెను.

ఓరుగల్లు సీమ పేరెత్తినప్పుడు కాకతీయుల కాలము తలపునకు రాకపోదు. 1261వ సంవత్సరమున, రుద్రమదేవి యేలుబడిలో, విశ్వేశ్వర శివాచార్యులు కృష్ణాతీరమున గోళకీ మఠమునకు సంబంధించిన యేర్పాట్లను శిలపై చెక్కించిరి. అదియే మల్కాపుర శాసనము. ఆ ఏర్పాట్లలో వేదములు చెప్పుటకు ముగ్గురు, తర్క సాహిత్యాగమములు చెప్పుటకు ఐదుగురు ఉపాధ్యాయులున్నారు. ఆరోగ్యశాల యున్నది, ప్రసూతిశాల యున్నది. ఒక వైద్యుడు, లెక్కలు వ్రాయుటకు ఒక కాయస్థుడు నియమితులైరి. సాహిత్యము చెప్పు గురువును, నాడి చూచు వైద్యుడును ఒకే ధర్మమునుండి భృతి పొంది, ఒకే ప్రాంగణమున మసలిరన్నమాట. ఆనాటి వైద్యుడు చదివిన చదువు కూడ అట్టిదే. సంస్కృత వ్యాకరణము, కొంత తర్కము లేనిదే సంహితలు తెఱచుటకు వీలులేదు. ఒక్క శాస్త్రము మాత్రమే చదివినవానికి ఆ శాస్త్రమైనను నిశ్చయముగా తెలియదనియు, అందుచే చికిత్సకుడు పలు శాస్త్రములు విన్నవాడు కావలెననియు సుశ్రుత సంహిత సూత్రస్థానమున చెప్పబడియున్నది. తెలుగునాట ప్రచారము గాంచిన బసవరాజీయము వంటి గ్రంథమును చదువుటకు కూడ భాషాజ్ఞానమే మొదటి మెట్టు.

ఇక ఆంగ్లేయుల కాలమునకు వత్తము. చెన్నపట్టణమున 1835లో వైద్యపాఠశాల స్థాపింపబడి, కాలక్రమమున మద్రాసు వైద్య కళాశాలయైనది. పందొమ్మిదవ శతాబ్ది చివర నందు ప్రవేశము కోరువాడు సామాన్యముగా ఎఫ్.ఏ. పరీక్షలో నెగ్గి యుండవలెను. ఎఫ్.ఏ. అనగా ఫస్ట్ ఇన్ ఆర్ట్స్, కళలలో మొదటి పరీక్ష. పేరు చూచి ఇది కేవలము కావ్యపాఠమని భ్రమపడరాదు. ఆ పరీక్షలో ఆంగ్లము, గణితము, సంస్కృతము వంటి రెండవ భాష, గ్రీకు రోమనుల చరిత్ర, వీనితోపాటు మానవ శరీరధర్మశాస్త్రము కూడ నుండెను. కవి కాదలచినవాడును, ప్లీడరు కాదలచినవాడును, తహసీల్దారు కాదలచినవాడును గుండె ఎట్లు కొట్టుకొనునో, అన్నము ఎట్లు జీర్ణమగునో కొంత చదువక తప్పదు.

ఈ నియమము వలన ఇబ్బందిపడినవారిలో ప్రపంచ ప్రసిద్ధుడొకడున్నాడు. గణితమేధావి శ్రీనివాస రామానుజన్ కుంభకోణమునను, పిదప చెన్నపట్టణము పచ్చయ్యప్ప కళాశాలలోను చదివి, గణితమున ఎంత మెఱసినను శరీరధర్మశాస్త్రము మొదలగు తక్కిన విషయములలో చాలినన్ని మార్కులు రాక ఎఫ్.ఏ. దాటలేకపోయెను. అన్నియు అందఱును చదువవలెనను పద్ధతికి గల నష్టమునకు రామానుజన్ సాక్షి. దానివలని లాభమునకు సాక్షులు వేఱొక చోట నున్నారు. ఆ పద్ధతిలో ఏ బాలునకును పదునారవ యేట వైద్యుని తలుపు పూర్తిగా మూతపడలేదు.

బి.ఏ. సంగతియు ఇట్టిదే. మద్రాసు విశ్వవిద్యాలయపు బి.ఏ.లో ఆంగ్లభాష ఒక భాగము, రెండవ భాష ఒక భాగము, ఐచ్ఛిక విషయము మఱియొక భాగము. ఆ మూడవ భాగమున ఒకడు చరిత్ర తీసికొనవచ్చును, ఒకడు తత్త్వశాస్త్రము, ఒకడు గణితము, ఒకడు ప్రకృతిశాస్త్రము తీసికొనవచ్చును. సర్ సి.వి. రామన్ 1904లో ప్రెసిడెన్సీ కళాశాలనుండి భౌతికశాస్త్రమున బంగారు పతకముతో గెలుచుకొన్న పట్టము బి.ఏ.యే. కావున ఆనాటి బి.ఏ.ను నేటి బి.ఏ.తో సరిపోల్చుట పొరపాటు. అది పెక్కు గదులున్న మండువా ఇల్లు వంటిది. ఏ గదిలో పడుకొన్నను అందఱును ఒకే పంక్తిని భోజనము చేసిరి.

ఆ యింటినుండి వైద్య కళాశాలకు వెళ్లినవారిలో మొదట చెప్పవలసినవారు డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు. వారు 1880 నవంబరు 24న గుండుగొలనులో జన్మించిరి. మచిలీపట్టణము నోబుల్ కళాశాలలో చదివి, చెన్నపట్టణము క్రైస్తవ కళాశాలలో బి.ఏ. పట్టము పొందిరి. పట్టభద్రుడైనవానికి ఆనాడు సర్కారు కొలువు దుర్లభము కాదు. న్యాయశాస్త్రము చదివినచో వకీలు వృత్తి సిద్ధముగా నుండెను. ఆంధ్రదేశపు పట్టభద్రులలో అధిక సంఖ్యాకులు ఆ దారినే పోయిరి. పట్టాభిగారు మాత్రము మరల విద్యార్థియై వైద్య కళాశాలలో చేరి ఎం.బి.సి.ఎం. పట్టము సంపాదించిరి. ఎం.బి.సి.ఎం. అనగా వైద్యమున బాచిలరు, శస్త్రచికిత్సలో మాస్టరు. నేటి ఎం.బి.బి.యస్.కు పూర్వరూపము.

1906 ప్రాంతమున వారు మచిలీపట్టణమున వైద్యము ప్రారంభించి సుమారు పది సంవత్సరములు చేసిరి. అది బందరు పట్టణమునకు మంచి దినములు. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావుగార్లతో కలిసి పట్టాభిగారు ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. పగలు రోగులు, సాయంకాలము దేశము. రెండు పడవలపై కాళ్లుంచుట యెంతకాలము సాగును? వారు వైద్యము మానివేసిరి. 1919లో జన్మభూమి అను ఆంగ్ల వారపత్రికను ప్రారంభించిరి, 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి, 1935లో కాంగ్రెసు చరిత్రను వ్రాసిరి, 1948లో జయపురము కాంగ్రెసుకు అధ్యక్షులైరి. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనను, పట్టాభి పేరు చెప్పగనే బ్యాంకును తలచువారే నేటికిని ఎక్కువ. వారు వైద్యులను సంగతి డాక్టరు అను బిరుదు మాత్రము జ్ఞప్తికి తెచ్చుచున్నది.

కళల నుండి వైద్యమునకు వచ్చినవాడు నిలువడు, వైద్యమునుండి మఱియొక దానికి పోవును అని ఆక్షేపించువారు పట్టాభిగారిని ఉదాహరణముగా చూపవచ్చును. ఆ యాక్షేపణమున కొంత బలమున్నది. ఒక వైద్యుని తయారు చేయుటకు ప్రజల ధనము, ఆసుపత్రిలో రోగుల ఓర్పు వ్యయమగును గదా. కాని నా దృష్టిలో దీనికి సమాధానము పట్టాభిగారి సహాధ్యాయ వయస్కులైన వేఱొక ఆంధ్రుని జీవితమున దొరకుచున్నది.

వారు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు. వారును 1880లోనే, మార్చి 3న, పశ్చిమ గోదావరి మండలము మాధవరమున జన్మించిరి. వారి గ్రంథముల ముఖపత్రములపై పేరు తరువాత బి.ఏ., ఎం.బి.సి.ఎం., భిషగ్రత్న అని మూడు బిరుదములు వరుసగా కనుపించును. ఈ మూడింటిని మూడు మజిలీలుగా చదువుకొనవచ్చును. మొదటిది కళాశాల యిచ్చినది. రెండవది మద్రాసు వైద్య కళాశాల యిచ్చినది. మూడవది ఆయుర్వేదము వలన వచ్చినది. అనగా ఈయన ఒకమాఱు కాదు, రెండు మాఱులు దారి మార్చిరి. పాశ్చాత్య వైద్యమున పట్టభద్రుడైన పిమ్మట, చెన్నపట్టణమున ఆయుర్వేద కళాశాలను నడపుచున్న పండిత దీవి గోపాలాచార్యులవారికి శిష్యులైరి. గోపాలాచార్యులు మచిలీపట్టణము వారు, మహామారి ప్రబలినప్పుడు తమ ఔషధములతో ప్రసిద్ధి కెక్కినవారు. స్టెతస్కోపు మెడలో వేసికొన్న డాక్టరు సంస్కృత సంహితలు చేతబట్టి మరల గురువు ముందు కూర్చుండుట ఆ రోజులలో చిన్న విషయము కాదు. అల్లోపతివారు దానిని తిరోగమనమని తలచి యుందురు, కొందఱు వైద్యపండితులు పరాయివాని ప్రవేశమని తలచి యుందురు.

అట్లు కూర్చుండగలుగుటకు వారికి ఉపకరించినది వారి మొదటి విద్యయేనని నా నమ్మకము. భాష తెలిసినవాడు గావున సంహితను మూలమున చదువగలిగెను. శరీరశాస్త్రము తెలిసినవాడు గావున చదివినదానిని ప్రశ్నింపగలిగెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1906లో హైదరాబాదున ప్రారంభించిన విజ్ఞాన చంద్రికా మండలి తెలుగువారికి శాస్త్రవిషయములను తెలుగులో అందింపదలచినప్పుడు దాని కార్యమున పాల్గొని జీవశాస్త్రమును గూర్చి తెలుగున వ్రాసినవారిలో లక్ష్మీపతిగారు ఒకరు. తరువాత ఆయుర్వేద కళాశాలకు ప్రధానాచార్యులైరి, చెన్నపట్టణము చేరువను ఆవడిలో ఆరోగ్యాశ్రమమును నెలకొల్పిరి, ఆయుర్వేదమును గూర్చి తెలుగునను, ఆంగ్లమునను విరివిగా వ్రాసిరి. 1962లో మరణించువఱకు వారి మనస్సు ఆరోగ్యమును గూర్చిన ఆలోచనను విడువలేదు.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. వారి ధర్మపత్ని శ్రీమతి ఆచంట రుక్మిణీ లక్ష్మీపతిగారు చెన్నపట్టణము మహిళా క్రైస్తవ కళాశాలలో బి.ఏ. చదివినవారు. 1930లో వేదారణ్యపు ఉప్పు సత్యాగ్రహమున కారాగారమునకు వెళ్లిరి. 1946లో టంగుటూరి ప్రకాశము పంతులుగారు మద్రాసు ముఖ్యమంత్రి కాగా, ఆమె ఆ మంత్రివర్గమున ప్రజారోగ్య శాఖను చేపట్టి, ఆ రాష్ట్రమున తొలి మహిళామంత్రియైరి. డాక్టరుగారి యింట వైద్యపట్టము లేని ఆమెయే డాక్టర్లందఱ మీదను మంత్రి!

చెన్నపట్టణమున ఇట్టివారు మఱికొందఱును గలరు. కెప్టెన్ జి. శ్రీనివాసమూర్తిగారు మైసూరు సీమకు చెందినవారు. వారి పేరు వెనుక బి.ఏ., బి.ఎల్., ఎం.బి.సి.ఎం. అని యుండును. కళలు, తరువాత న్యాయశాస్త్రము, ఆ తరువాత వైద్యము. దేశీయ వైద్య పద్ధతులను విచారించుటకు మద్రాసు ప్రభుత్వము నియమించిన ఉస్మాన్ సంఘమునకు వారు కార్యదర్శులు. ఆ సంఘము 1923లో నివేదిక సమర్పించెను. 1925లో చెన్నపట్టణమున ప్రభుత్వ దేశీయ వైద్య విద్యాలయము తెరవబడగా దానికి వారే ప్రథమ ప్రధానాచార్యులైరి. సాక్ష్యమును తూచి, ఉభయపక్షములను విని, తీర్పు చెప్పునట్లుగా నివేదిక తయారు చేయుటకు న్యాయవాది చదువు పనికిరాలేదని యెవరనగలరు? స్త్రీలలో డాక్టరు హిల్డా లాజరస్‌గారు విశాఖపట్టణమున 1890లో జన్మించి, బి.ఏ. ముగించిన పిదప మద్రాసులో వైద్యము చదివి, ప్రసూతిశాస్త్రమున నిపుణురాలైరి. అఖిల భారత స్త్రీ వైద్య సేవలో చేరి ఉన్నత పదవులు నిర్వహించి, వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు అధిపత్యము వహించిన తొలి భారతీయురాలైరి.

ఇవియన్నియు చెన్నపట్టణపు కథలు. టేకుమట్లకు చెన్నపట్టణము పరాయి రాజ్యము. నిజాము రాష్ట్రమునందలి బాలునకు హైదరాబాదే దిక్కు. అచ్చట 1846లోనే వైద్యపాఠశాల స్థాపింపబడెను. తొలి దశాబ్దములలో బోధన ఉర్దూలో జరిగెను. మధ్యకాలమున ఆంగ్లము వచ్చినది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసిన తరువాత మరల ఉర్దూలోనే వైద్యము బోధింపబడెను. దీనికై గ్రంథములను అనువదించుటకు ప్రత్యేక అనువాద శాఖ పనిచేసెను. అవయవములకు, రోగములకు అరబ్బీ పారసీక మూలముల నుండి పేళ్లు కల్పింపబడెను. ఒక దేశభాషలో ఆధునిక వైద్యమును సంపూర్ణముగా బోధింపవచ్చునని నిరూపించిన ఆ ప్రయత్నము ప్రశంసింపదగినది. అయితే ఓరుగల్లు పల్లెలలోని బాలునకు అది ఇంటి భాష కాదు. అతడు తల్లి వద్ద తెలుగు, బడిలో ఉర్దూ నేర్చి, ఆ రెండవ భాషలో సాహిత్యపటిమ సంపాదించినగాని శవచ్ఛేదన గదిలోని మాట అర్థము కాదు. ఇచ్చట గుమ్మమునకు కాపున్నది జీవశాస్త్రము కాదు, భాష.

హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినది. ఓరుగల్లున 1927లో ఇంటర్మీడియేట్ కళాశాల వచ్చినది. హైదరాబాదులోని నిజాము కళాశాల 1887 నుండి మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై యుండుటచే ఆంగ్లమున చదువగల కొందఱికి మద్రాసు పట్టములు ఇంటికి దగ్గరగనే లభించెను. కాని తెలంగాణమున హైదరాబాదు వెలుపల వైద్య కళాశాల యన్నది 1959లో ఓరుగల్లున కాకతీయ వైద్య కళాశాల ప్రారంభమగువఱకు లేదు. అప్పటికి బోధన ఆంగ్లములోనికి మారినది, దారియు చీలిపోయినది.

దారి యెందుకు చీలినది? ఇందుకు ఏ ఒక్కరినో నిందించుట తగదు. వైద్యమే మారినది. 1897లో సికిందరాబాదున రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్ననాటి శాస్త్రమునకు, ఇరువది సంవత్సరముల తరువాతి శాస్త్రమునకు హస్తిమశకాంతరము. సూక్ష్మజీవులు, రసాయనము, ఎక్సురే వచ్చి చేరినవి. వానికి పునాది లేక వైద్య కళాశాలలో చేరినవాడు మొదటి సంవత్సరమే తడబడును. అమెరికాలో 1910లో ప్రకటింపబడిన ఫ్లెక్స్‌నర్ నివేదిక ఈ మార్పునకు మైలురాయి. అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అమెరికా, కెనడాలలోని 155 వైద్య విద్యాలయములను దర్శించి, పెక్కింటిలో ప్రయోగశాలలు లేవని, డబ్బు చెల్లించిన ప్రతివానిని చేర్చుకొనుచున్నారని బయటపెట్టెను. ముందుగా శాస్త్రపు పునాది, పిదప వైద్యము అను నియమము ఆ నివేదికతో బలపడెను. అనేక నాసిరకపు పాఠశాలలు మూతపడెను. రోగులకు మేలే జరిగెను. ఇంతయు చేసిన ఫ్లెక్స్‌నర్ వైద్యుడు కాడు. ప్రాచీన భాషలు చదివి బి.ఏ. పట్టము పొందిన బడిపంతులు! చరిత్రకు ఇట్టి హాస్యములన్న ప్రీతి.

మన దేశమునను 1910 ప్రాంతమున ఎఫ్.ఏ. పోయి ఇంటర్మీడియేట్ వచ్చినది. ఐచ్ఛిక విషయములను బట్టి విద్యార్థులు విడిపోవుట నాటినుండి మొదలైనది. స్వతంత్రము వచ్చిన పిదప వైద్య కళాశాలలలో సీట్లకంటె అభ్యర్థులు అనేక రెట్లు పెరుగగా, వడపోతకు ఏదో ఒక జల్లెడ కావలసి వచ్చెను. పదునాఱవ యేట తీసికొన్న పాఠ్యవర్గమే ఆ జల్లెడలలో మొదటిదైనది. భారత వైద్య మండలి 1997లో జారీచేసిన నిబంధనలలో భౌతిక, రసాయన, జీవశాస్త్రములను ఇంటర్మీడియేట్ స్థాయిలో చదివి యుండుట తప్పనిసరి యని స్పష్టముగా చెప్పబడెను. పునాది కావలెననుట న్యాయము. ఆ పునాదిని పదునాఱవ యేటనే వేసికొని తీరవలెననుట వేఱు. ఈ రెండింటిని మనము చాలకాలము ఒకటిగా భావించితిమి.

వయస్సు మీఱిన పిదప పునాది వేసికొన్నవాని కథ ప్రపంచమెఱిగినదే, ఐనను చెప్పక తప్పదు. ఆల్బర్ట్ ష్వైట్జర్ 1875లో జన్మించి, 1899లో తత్త్వశాస్త్రమున డాక్టరు పట్టము పొందిన క్రైస్తవ వేదాంతి. ఆర్గన్ అను వాద్యమున విద్వాంసుడు, బాఖ్ సంగీతమునుగూర్చి గ్రంథము వ్రాసినవాడు. ముప్పది యేండ్ల ప్రాయమున, 1905లో, స్ట్రాస్‌బర్గు విశ్వవిద్యాలయమున వైద్యవిద్యార్థిగా చేరెను. ఆ విశ్వవిద్యాలయమునందే ఆయన అధ్యాపకుడు! ఒక గదిలో పాఠము చెప్పి, మఱియొక గదిలో పాఠము వినెను. పరీక్ష రుసుమునకు డబ్బు చాలనప్పుడు మ్యూనిక్ నగర సంగీతోత్సవమున ఆర్గన్ వాయించి సంపాదించి చెల్లించెను. 1911లో పరీక్షలు ముగించి, 1913లో వైద్యమున డాక్టరు పట్టము పొంది, ఆ యేడే ఆఫ్రికా అడవులలోని లాంబరేనేకు పోయి ఆసుపత్రి పెట్టెను. ఆయనకు ఎవరును పునాది మినహాయింపలేదు. రసాయనము, జంతుశాస్త్రము మొదలగునవన్నియు పిల్లలతో కూర్చుండి చదివెను. ఆయన కోరినది మినహాయింపు కాదు, అవకాశము మాత్రమే.

అవకాశము ముందుగుమ్మమున దొరకనప్పుడు మనుష్యులు పెరటిదారిని వెదకుదురు. మన పల్లెలలో ఆర్.ఎం.పి. అని పిలువబడు వైద్యులలో అధికులు ఏ వైద్య కళాశాలలోను చదివినవారు కారు. డాక్టరుగారి వద్ద కాంపౌండరుగా నుండియో, మందుల దుకాణమున నుండియో నేర్చినవారు. అర్ధరాత్రి పిలిచినను వచ్చుదురు, బాకీకి మందిత్తురు, రోగి తాతను పేరుతో నెఱుగుదురు. అందులకే జనము వారిని నమ్ముదురు. కాని సూది వేయుట నేర్చినవాడు ఎప్పుడు వేయరాదో నేర్చియుండవలెను గదా. అది నేర్పునది కళాశాలయే. వీరిలో తెలివిగలవారిని చూచినప్పుడెల్ల, యౌవనమున వీరికి సక్రమమైన దారి యొకటి యున్నచో ఎంత బాగుండెడిదని తోచును.

తెలుగు పండితుడుగా నుండి చికిత్సకుడైన వారిలో డాక్టరు ఎక్కిరాల కృష్ణమాచార్యులుగారు, 1926లో బాపట్లలో జన్మించినవారు, ప్రత్యేకముగా తలపదగినవారు. గుంటూరు హిందూ కళాశాలలోను, ఆంధ్ర విశ్వవిద్యాలయమునను తెలుగు బోధించుచునే హోమియోపతి నభ్యసించి, విశాఖపట్టణమున ఉచిత వైద్యశాలలు నడపిరి. ఆ వైద్యపద్ధతి యొక్క సాఫల్యమును గూర్చి వైద్యశాస్త్రజ్ఞులకు అంగీకారము లేదు. ఐనను రోగి చెప్పుకొనునది ఓపికగా వినుటలో సాహిత్యోపాధ్యాయునకు గల యలవాటు ఆ వైద్యశాలల ముంగిట జనము బారులు తీరుటకు ఒక కారణమై యుండును.

విదేశములలో మూసిన గుమ్మము కొంత తెఱచుకొనుచున్నది. కెనడాలోని మక్‌మాస్టరు విశ్వవిద్యాలయ వైద్య విభాగము 1969లో ప్రారంభమైనప్పుడే ఏ శాస్త్రము చదివిన పట్టభద్రునికైనను అవకాశమిచ్చెను. న్యూయార్కులోని మౌంట్ సైనాయి వైద్య విద్యాలయము 1987 నుండి సాహిత్యము, చరిత్ర వంటివి చదువువారికి కొన్ని స్థానములు ప్రత్యేకించెను. వారి చదువు తక్కినవారి చదువునకు తీసిపోలేదని ఆ సంస్థవారే 2010లో పరిశీలించి ప్రకటించిరి. లండనులోని సెయింట్ జార్జి విద్యాలయము 2000వ సంవత్సరమున ఏ పట్టము కలవారైనను చేరదగిన నాలుగేండ్ల వైద్యవిద్యను ఆరంభించెను.

మన దేశమున అంతటి మార్పు రాలేదు. వచ్చినదానిని తక్కువగా చూడను. 2022లో జాతీయ వైద్య సంఘము నీట్ పరీక్షకు గరిష్ఠ వయోపరిమితిని తొలగించెను. 2023 నవంబరులో, ఇంటర్మీడియేట్ ముగిసిన పిదప జీవశాస్త్రము మొదలైన అవసర విషయములను అదనముగా చదివి నెగ్గినవారును అర్హులే యని ప్రకటించెను. ఎవరును పెద్దగా గమనింపని యీ రెండు ప్రకటనలును కలిసి, చీలిన దారుల నడుమ ఒక కాలిబాట వేసినవి. ఇరువది రెండేండ్ల బి.ఏ. పట్టభద్రుడు నేడు ముందుగా భౌతిక, రసాయన, జీవశాస్త్రములను గుర్తింపుగల బోర్డు ద్వారా చదివి నెగ్గవలెను. పిదప తనకంటె ఐదారేండ్లు చిన్నవారితో నీట్ వ్రాయవలెను. సీటు దొరకినచో నాలుగున్నర యేండ్ల చదువు, ఒక యేడు ఆసుపత్రిలో శిక్షణ. పట్టము చేతికి వచ్చునప్పటికి ముప్పది దాటవచ్చును. అంత కాలము ఇంటిని ఎవరు నడపుదురను ప్రశ్న టేకుమట్లలో వినబడినంత గట్టిగా హైదరాబాదున వినబడదు. అంత ఓపిక లేనివారికి ప్రజారోగ్యము, ఆసుపత్రి నిర్వహణ, వైద్యశాలలలో సాంఘిక సేవ వంటి శాఖలలో కళాపట్టముతోనే చేరదగిన స్నాతకోత్తర విద్య యున్నది. అదియు రోగి సేవయే, వైద్యపట్టము మాత్రము కాదు.

దూరము మాత్రము తగ్గినది. 2022లో మహబూబాబాదునను, 2023 సెప్టెంబరులో జనగామ, భూపాలపల్లి పట్టణములలోను ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరవబడెను. ఒకప్పుడు చెన్నపట్టణము, మొన్న హైదరాబాదు, నిన్న ఓరుగల్లు, నేడు సొంత జిల్లా కేంద్రమే. ఆ కళాశాలలన్నియు అనుబంధమై యున్న ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయము ఓరుగల్లుననే యున్నది, దానికి పెట్టిన పేరు కవి కాళోజీ నారాయణరావుగారిది. నీట్ ప్రశ్నపత్రము తెలుగులోను దొరకుచున్నది. ఆ పరీక్ష నెగ్గి లోపలికి పోయిన తరువాత చెప్పు పాఠములు ఆంగ్లమున నుండును, మంచము మీది రోగి చెప్పు బాధ ఓరుగల్లు తెలుగున నుండును.